వైర్‌షార్క్‌కి రాని ప్రోటోకాల్‌ని మనమే నేర్పొచ్చు

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే పరికరం వైఫైలో షెడ్డులోని కంప్యూటర్‌కి రీడింగులు పంపుతుంది. అమ్మిన కంపెనీ మూతపడింది, వాళ్ల సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో తెరుచుకోవడం లేదు. నెట్‌వర్క్‌లో నడిచే డేటాని చూపించే వైర్‌షార్క్‌లో చూస్తే యూడీపీ ప్యాకెట్లు (నెట్‌వర్క్‌లో పంపే డేటా ముక్కలు) వస్తున్నాయి గానీ 'డేటా' అని మాత్రమే చూపిస్తోంది. డబ్బులిచ్చి వేరే అనలైజర్ కొనాలా?

జవాబు: కొనకండి. మూతపడ్డ కంపెనీ సొంతంగా అల్లుకున్న ఫార్మాట్ లక్షలు పోసి కొన్న అనలైజర్‌కి మాత్రం ఎలా తెలుస్తుంది? వైర్‌షార్క్‌కీ తెలియదు. కాకపోతే దానికి నేర్పే దారి ఉంది, అదే ప్లగిన్, అంటే ప్రోగ్రాంకి తగిలించే చిన్న అదనపు ఫైల్. 1998లో జెరాల్డ్ కూంబ్స్ ఇథీరియల్ పేరుతో వదిలిన ఈ సాఫ్ట్‌వేర్ (2006లో పేరు మారింది) వేల ప్రోటోకాల్స్ (పరికరాలు డేటా పంపుకునే పద్ధతులు) చదవగలదు. వాటిలో లేని మీ పరికరం కోసం అసలు ప్రోగ్రాం జోలికి పోకుండా, సీ భాష రాకపోయినా, లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషలో కొన్ని పదుల లైన్లు రాస్తే చాలు. ఓపెన్ సోర్స్ అనగానే సోర్స్ కోడ్ గురించే చెబుతారు. నన్నడిగితే మామూలు వాడకందారుకి ప్లగినే ఎక్కువ ఉపయోగం. అంత కోడ్ తెచ్చుకుని కంపైల్ చేసే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

మీరు పంపిన ప్యాకెట్‌లో చివరి ఆరు బైట్లు చూడండి: 00 03 02 20 01 21. ఇవి హెక్సా అంకెలు, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా రాసే లెక్క. 00 03 గుంట నంబరు కావచ్చు. 02 20 అంటే 544. వందతో భాగిస్తే 5.44, లీటరుకి మిల్లీగ్రాముల్లో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అనుకోవచ్చు. 01 21 అంటే 289, పదితో భాగిస్తే 28.9 డిగ్రీల వేడి. తేల్చుకోవాలంటే డీఓ బాగా పడిపోయే తెల్లవారుజామున చేతి మీటరు ముంచి అంకె, టైము రాసుకోండి. మధ్యాహ్నం ఇంకోసారి. రెండు పూటలా ప్యాకెట్‌తో సరిపోతే మీ ఊహ నిజమే.

ఇక లువా ఫైల్‌లో ప్రోటోకాల్‌కి ఒక పేరు, మూడు ఫీల్డులు, ఏ బైటు నుంచి ఏ బైటు దాకా ఏది అన్నది రాసి, ప్యాకెట్లు వస్తున్న యూడీపీ పోర్టు నంబరుకి తగిలించండి. హెల్ప్ మెనూ, అబౌట్ వైర్‌షార్క్, ఫోల్డర్స్‌లో 'పర్సనల్ లువా ప్లగిన్స్' దారి కనిపిస్తుంది. ఫైల్ అక్కడ పెట్టి కంట్రోల్, షిఫ్ట్, ఎల్ నొక్కితే చాలు, ప్రోగ్రాం మూసి తెరవక్కర్లేదు. అప్పుడు డీఓని కాలమ్‌గా పెట్టుకోవచ్చు, 4 కంటే తగ్గిన ప్యాకెట్లనే ఫిల్టర్ చేయొచ్చు, టీషార్క్‌తో (వైర్‌షార్క్‌కి కమాండ్ లైన్ రూపం) ఎక్సెల్‌కి పంపొచ్చు. పరికరం డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంటే మాత్రం తాళంచెవి లేకుండా ఏ ప్లగినూ చదవలేదు. మీ అంకెలు చూస్తే ఆ బెడద లేనట్టుంది.

ప్రశ్న: ఒంగోలులో చదువుతున్నాను. సీనియర్ ఇచ్చిన పాత లువా ప్లగిన్ వేస్తే ఎర్రర్ వస్తోంది. వైరస్సా?

జవాబు: వెర్షన్ తేడా అయ్యుండొచ్చు. వైర్‌షార్క్ 4.4 నుంచి లువా 5.3, 5.4 మాత్రమే నడుస్తాయి, పాతవాటికి రాసినవి కొన్ని మొరాయిస్తాయి. అయినా వేసేముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ప్లగిన్‌కి మీ యూజర్‌కున్న హక్కులన్నీ ఉంటాయి. అందులో 'ఓఎస్ డాట్ ఎగ్జిక్యూట్' లాంటిది (కంప్యూటర్‌లో వేరే ఆదేశాలు నడిపించేది) కనిపిస్తే ఎందుకుందో ఇచ్చినవాళ్లనే అడగండి. అదే డీఎల్‌ఎల్ ఫైల్ (ముందే కంపైల్ చేసిన ప్లగిన్) అయితే అలా చదవలేం, ఎవరు చేశారో తెలియకపోతే వేయొద్దు. లినక్స్‌లో వైర్‌షార్క్‌ని రూట్‌గా (కంప్యూటర్ మీద పూర్తి హక్కులున్న యూజర్‌గా) నడిపే అలవాటుంటే ఈరోజే మానేయండి.