బ్యాకింగ్ లేకుండా చుట్టిన బ్రెయిడ్ జారిపోయింది, షాపు మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: నాన్నగారు పోయే ముందు నా చేతిలో పెట్టిన డబ్బుతో విజయవాడలోని ఒక షాపులో రూ.6,800కు గాలం కర్రకు బిగించే స్పిన్నింగ్ రీలు, రూ.2,400కు 150 మీటర్ల బ్రెయిడ్ (సన్నని పోగులతో అల్లిన) గాలం దారం కొన్నాను. దారం చుట్టినందుకు షాపువాళ్లే మరో రూ.200 తీసుకున్నారు. ఇది జరిగి 22 నెలలైంది. ఇన్నాళ్లూ చిన్న చేపలే పడ్డాయి. అయిదు నెలల క్రితం ఉండవల్లి దగ్గర కృష్ణలో పెద్ద బొచ్చె పడింది. డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా వదలాలో సరిచేసే బిగింపు) ఎంత బిగించినా దారం పోతూనే ఉంది. హ్యాండిల్ తిప్పుతున్నా వెనక్కి రాలేదు. చేత్తో పట్టుకుంటే చూపుడువేలు తెగి అయిదు కుట్లు పడ్డాయి. అడిగితే షాపాయన "బ్రెయిడ్‌కు బ్యాకింగ్ (దారం కింద అడుగున వేసే వేరే దారపు చుట్లు) అక్కర్లేదు, నీకు గాలం పట్టడం రాదు" అని నలుగురిలో అవమానించాడు. సరైన బిల్లు లేదు. తెల్లకాగితం చీటీ, ఫోన్‌పే చెల్లింపు ఉన్నాయి. ఇక్కడ షాపు ఉన్న నా మిత్రుడు దారం విప్పి బ్యాకింగ్ వేసి మళ్లీ చుట్టిస్తానని, పాత తేదీతో బిల్లు కూడా రాసిస్తానని అంటున్నాడు. రూ.5 లక్షలు అడగవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ దారం ఇప్పటికీ రీలు మీద అలాగే ఉందా, విప్పేశారా? మీ కేసుకు ప్రాణం అదే. ఉత్తరం నిండా అవమానం గురించి రాశారు, ఈ సంగతి మాత్రం రాయలేదు. మిత్రుడు "విప్పుతానంటున్నాడు" అన్నారు కాబట్టి ఇంకా విప్పలేదనే అనుకుని చెబుతున్నాను.

బ్రెయిడ్ దారం నున్నగా ఉంటుంది, నైలాన్ దారంలా సాగదు. నున్నటి లోహపు స్పూలుకు, అంటే రీలులో దారం చుట్టే కండెకు, నేరుగా ముడివేసి చుడితే, బరువు పడినప్పుడు దారపు చుట్టంతా ఒక్క ముద్దలా స్పూలు మీద తిరిగిపోతుంది. అందుకే అడుగున కొన్ని చుట్లు నైలాన్ వేసి దానికి బ్రెయిడ్‌ను ముడివేస్తారు, లేదా టేపు అంటిస్తారు. చిన్న చేపలు పడినప్పుడు ఈ లోపం బయటపడదు. మీరు చెప్పిన లక్షణాలు దీనికి సరిపోతాయి. అయితే డ్రాగ్ పాడైనా కొంతవరకు ఇలాగే కనిపిస్తుంది. తేడా ఒక్కటే. డ్రాగ్ జారితే స్పూలే తిరుగుతుంది, చాలా రీళ్లలో టిక్‌టిక్‌మని శబ్దం వస్తుంది. దారం జారితే స్పూలు కదలదు, దాని మీద చుట్ట మాత్రమే తిరుగుతుంది.

ఈ తేడా మీదే మీ ప్రతివాది ఎవరో తేలుతుంది. దారం జారితే అది చుట్టినవాడి పని, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సేవా లోపం. డ్రాగ్ పోతే వస్తువు లోపం, తయారీ కంపెనీ కూడా జవాబు చెప్పాలి. ఇంకో చిక్కు ఉంది. కొన్ని రీళ్ల స్పూలు మీద రబ్బరు పట్టీ ఉంటుంది, వాటికి బ్యాకింగ్ లేకుండానే బ్రెయిడ్ చుట్టవచ్చు. మీది అలాంటిదైతే షాపాయన మాట నిజమవుతుంది. రీలు పెట్టె, అందులోని కాగితం ఈరోజే వెతికి చదవండి. 22 నెలలుగా ఆ పని చేయకపోవడం మీ అజాగ్రత్తే.

ఇప్పుడు మీ మిత్రుడి సంగతి. ఆయన చేత ఆ దారం ముట్టించకండి. ఒక్కసారి విప్పి బ్యాకింగ్ వేశారంటే, షాపాయన ఎలా చుట్టాడో చెప్పడానికి ఈ లోకంలో సాక్ష్యం మిగలదు. "ఎవరో మళ్లీ చుట్టిన రీలు తెచ్చి నన్ను అంటున్నాడు" అని ఆయన లాయరు ఒక్క వాక్యం రాస్తే చాలు. వేలు తెగినందుకు ఉత్పత్తి బాధ్యత (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం) కింద అడిగినా, గాయం నాటికి వస్తువును మార్చారని తేలితే అమ్మకందారు మీద ఆ దావా నడవదని అదే చట్టం సెక్షన్ 87 చెబుతోంది. ఎప్పుడు విప్పారో మీరు రుజువు చేయగలరా? ఇక పాత తేదీ బిల్లు మాట కలలో కూడా తలపెట్టకండి. మీకు ఆ వస్తువు అమ్మని షాపు బిల్లు అది. వినియోగదారుల కమిషన్ విచారణను న్యాయవిచారణగానే భావిస్తారు. అక్కడ తప్పుడు సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. రూ.9,400 వివాదం కోసం మీరూ మీ మిత్రుడూ ముద్దాయిలు కాబోతున్నారు.

గడువు ఇంకా ముఖ్యం. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (కేసుకు దారితీసిన సంగతి) పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. లోపం బయటపడింది అయిదు నెలల క్రితమేనని మనం వాదించవచ్చు. చుట్టిన రోజు నుంచే లెక్క అని అవతలివాళ్లు వాదిస్తారు. ఆ వాదనకు చోటివ్వకుండా మొదటి తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, చేతిలో సమయం ఉంచుకుని దాని మీద ఆధారపడటం తెలివితక్కువ.

ఇక సాక్ష్యం. ముందు రీలును నాలుగు వైపులా ఫొటోలు తీయండి. తర్వాత ఇద్దరి ఎదుట, ఆపకుండా వీడియో తీస్తూ, స్పూలు అంచు నుంచి దారం మీదికి మార్కరుతో ఒక గీత గీసి, డ్రాగ్ పూర్తిగా బిగించి, దారాన్ని కర్రకు చుట్టి లాగించండి. చేతికి మాత్రం చుట్టవద్దు. స్పూలు మీది గీత కదలకుండా దారం మీది గీత పక్కకు పోతే దారమే జారినట్టు. అంతటితో ఆపి, గుడ్డసంచిలో పెట్టి సీలు వేసి, ఆ ఇద్దరితో సంతకం చేయించండి. రీళ్లు మరమ్మతు చేసే అనుభవజ్ఞుడి అభిప్రాయం అఫిడవిట్‌గా తీసుకుంటే మరీ మంచిది.

ఫోన్‌పే చెల్లింపు షాపుకు డబ్బు వెళ్లిందని చెబుతుంది గానీ దేనికో చెప్పదు. ఆ ఖాళీని చీటీ పూరించాలి. అందులో "చుట్టినందుకు 200" అని ఉందా? ఉంటే అది మీ దగ్గరున్న బలమైన కాగితం, లామినేషన్ చేయించకుండా భద్రపరచండి. లేకపోతే వాట్సాప్‌లో షాపాయనకు మర్యాదగా "మీరు ఫలానా రోజు చుట్టిన రీలు దారం జారుతోంది" అని రాయండి. ఆయన ఇచ్చే జవాబులోనే ఒప్పుకోలు దొరకవచ్చు. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జత చేయండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే, దాన్ని ఫిర్యాదులో రాయండి.

వేలి విషయంలో కటువుగానే చెప్పాలి. పరుగెత్తే బ్రెయిడ్‌ను ఉత్తచేత్తో పట్టుకోవడం మీ పొరపాటు. అవతలివాళ్లు దాన్నే ఎత్తిచూపుతారు. ఆసుపత్రి చీటీలో గాయం ఎలా అయిందని రాశారో చూసుకోండి.

రూ.5 లక్షలు అడగకండి. తప్పించుకున్న చేపకు కమిషన్ ధర కట్టదు. అతిగా అడిగితే నిజమైన నష్టం మీదా నమ్మకం పోతుంది. చుట్టిన కూలి, దారం ధర, చికిత్స ఖర్చు, మనోవేదనకు సమంజసమైన మొత్తం, కేసు ఖర్చులు అడగండి. రీలులో లోపం తేలితేనే దాని ధర అడగాలి.

ఈ వారంలోనే షాపుకు, కంపెనీకి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. జవాబు రాకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35 కింద ఫిర్యాదు వేయండి. ఇందుకు విజయవాడ వెళ్లక్కర్లేదు. మీరు నివసించే చోట వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది, గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. నోటీసు చిత్తుప్రతి రాసేటప్పుడు అవమానం గురించి ఒక్క వాక్యం చాలు, మిగతా కాగితమంతా తేదీలకు, ఆ 200 రూపాయలకు ఇవ్వండి.