గ్రాఫిక్స్ కార్డులో వేల కోర్లుంటే ఇక సీపీయూ ఎందుకు?

ప్రశ్న: నా కంప్యూటర్ సీపీయూలో 8 కోర్లే ఉన్నాయి, గ్రాఫిక్స్ కార్డులో మాత్రం వేలల్లో ఉంటాయంటున్నారు. మరి అన్ని పనులూ దానికే అప్పజెప్పేస్తే పోదా? అసలు గేములు ఆడనివాళ్లకి అదెందుకు?

జవాబు: ఆ వేల కోర్లు ఎవరి పని వాళ్లు చేసుకునేవి కావండీ, కిటుకంతా అక్కడే ఉంది. ఎన్విడియా కంపెనీ కార్డుల్లో అయితే 32 థ్రెడ్లని (థ్రెడ్ అంటే ఒకదాని తర్వాత ఒకటి జరిగే ఆర్డర్ల వరస) ఒక గుంపుగా కట్టేస్తారు, దాన్నే వార్ప్ అంటారు, ఆ 32కీ ఒకే ఆర్డర్ వెళ్తుంది, ఎవరి డేటా మీద వాళ్లు అదే లెక్క చేస్తారు. ప్రోగ్రాంలో "ఇలా అయితే ఇది చెయ్యి, లేదంటే అది చెయ్యి" అని వచ్చి 20 థ్రెడ్లు ఒకవైపు, 12 ఇంకోవైపు పోవాల్సి వచ్చిందనుకోండి, ఆ 20 పని చేస్తున్నంతసేపూ ఈ 12 ఊరికే ఉంటాయి, తర్వాత ఈ 12 చేస్తుంటే ఆ 20 ఊరికే ఉంటాయి. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో అడుగడుక్కీ ఇలాంటి మలుపులే, అందుకే అది సీపీయూ చేయాల్సిన పనే.

స్క్రీన్ మీద బొమ్మ అలా కాదు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 ఇంటూ 1080, 20 లక్షల పైచిలుకు పిక్సెల్స్, సెకనుకి 60 సార్లంటే 12 కోట్లకి పైనే రంగులు లెక్కకట్టాలి, కానీ దాదాపు అన్నిటికీ లెక్క ఒకటే, పక్క పిక్సెల్ సంగతి తేలేదాకా ఆగక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డులో ఉండే చిప్, అదే జీపీయూ, పుట్టిందే దీనికోసం.

ఏఐలో ఎక్కువభాగం మ్యాట్రిక్స్ (అంకెల పట్టికల) గుణకారాలే, అక్కడా ఇదే తీరు. 2007లో ఎన్విడియా వాళ్ల ప్రోగ్రామింగ్ టూల్ సీయూడీఏ (CUDA) వచ్చాక మామూలు లెక్కలు కార్డు మీద చేయించడం బాగా సులువైంది. 2012లో ఫొటోల్లో ఏముందో గుర్తుపట్టే అలెక్స్‌నెట్ అనే ఏఐ నెట్‌వర్క్‌ని ట్రైన్ చేసింది రెండు జీటీఎక్స్ 580ల మీద, అవి గేమర్లు కొనుక్కునే కార్డులే! ఒక్కోదాంట్లో 3 జీబీ మెమరీయే, ఒకదాంట్లో పట్టక నెట్‌వర్క్‌ని రెండిటికీ పంచారు. నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

ఇక మీ సంగతి. బ్రౌజింగ్, టైపింగ్, సినిమాలు చూడటం వరకే అయితే చాలా ప్రాసెసర్లలో లోపలే ఉండే చిన్న జీపీయూ చాలు, విడిగా కార్డు కొనకండి. బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ రెండరింగ్, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి మాత్రం తేడా బాగా తెలుస్తుంది. ఇంట్లోనే ఏఐ మోడల్ నడపాలనుంటే కోర్ల కంటే ముందు కార్డు మెమరీ చూడండి, 700 కోట్ల పారామీటర్ల (అంటే మోడల్ నేర్చుకుని దాచుకున్న అంకెల) మోడల్‌కి ఒక్కోదానికి 2 బైట్ల చొప్పున 14 జీబీ కావాలి, 8 జీబీ కార్డులో పట్టదు, 4 బిట్లకి కుదించిన వెర్షన్ అయితే హాయిగా పడుతుంది.