ఊరి చెరువు మీద సాంఘిక శాస్త్ర ప్రాజెక్టు: నమూనా సంగతి చివర చూడవచ్చు

మీ అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోందనీ, పాఠశాలలో జరగబోయే సాంఘిక శాస్త్ర ప్రదర్శనకు ‘మన నీటి వనరులు’ అనే అంశం ఇచ్చారనీ, బజారులో దొరికే ఆనకట్ట నమూనా కొనడమా, ఇంట్లోనే థర్మకోల్‌తో చేయించడమా అనీ అడిగారు. రాయలసీమలో సాంఘిక శాస్త్రం బోధిస్తూ, పిల్లల చేత ఇలాంటి ప్రాజెక్టులు చేయించి, మండల స్థాయిలో కొన్నింటికి న్యాయనిర్ణేతగా కూడా ఉన్నాను కనుక చెబుతున్నాను: ప్రస్తుతానికి రెండూ వద్దు. మీ ఊరి చెరువు గురించి తనకు జవాబు తెలియని ఒక ప్రశ్నను ఆ అమ్మాయి ముందుగా ఎంచుకోవాలి. నమూనా ఎలా ఉండాలో ఆ జవాబు దొరికాకే తెలుస్తుంది.

మీది కడప జిల్లా అని రాశారు. మీ జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది. విజయనగరాన్ని మొదటి బుక్కరాయలు పాలించిన కాలంలో, 1369లో, ఆయన కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించి శాసనం వేయించాడు. వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోసే నూరు బండ్లు రెండేళ్ల పాటు పని చేసినట్లు అందులో ఉంది. అంతకన్నా ముఖ్యంగా, మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలనూ, చెరువును చెడగొట్టే ఆరు దోషాలనూ ఆ శాసనం వరసగా చెబుతుంది. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీరు తెచ్చే ఏరు, దగ్గరలో రాతి గని, పనితనం గల కూలీలు సాధనాలలో కొన్ని. దోషాలు ఇవి: కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం.

నేను మా పిల్లల చేత చేయించిన ప్రాజెక్టులలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ ఆరు దోషాల నుంచే పుట్టింది. ‘ఆరున్నర శతాబ్దాల నాటి ఈ కొలతతో చూస్తే మన ఊరి చెరువులో ఏ దోషాలు ఉన్నాయి?’ అన్నది ప్రశ్న. పిల్లలు పెద్దవాళ్లను వెంటబెట్టుకొని కట్ట మీద ఒక కొస నుంచి మరో కొస దాకా నడిచారు. టేపుతో కొలిచారు. తూము ఎక్కడ ఉందో, మరవ (నిండిన చెరువు నుంచి మిగులు నీరు పొర్లిపోయే చోటు, అలుగు) ఎక్కడ ఉందో, కట్ట కింద నేల ఎక్కడెక్కడ తడిగా ఉందో చేత్తో గీసిన పటంలో గుర్తు పెట్టారు. అప్పుడు ఒక అమ్మాయి గమనించిన విషయం నాకు ఇప్పటికీ సంతోషం కలిగిస్తుంది: కట్ట ఊరుతున్న చోటికి దిగువన ఉన్న మళ్లలోనే తెల్లటి చౌడు పేరుకుంటోంది. శాసనం విడివిడిగా చెప్పిన రెండు దోషాలకు మా ఊళ్లో సంబంధం ఉందన్నమాట. నేల ఎప్పుడూ తడిగా ఉంటే లోపలి లవణాలు నీటితో పాటు పైకి వస్తాయి, నీరు ఆవిరైపోయాక అవి పైనే మిగిలిపోతాయి. పాఠంలో చదివిన సంగతిని ఆ పిల్ల తన కళ్లతో చూసి, ఆ మళ్ల రైతును అడిగి నిర్ధారించుకుంది. న్యాయనిర్ణేత ‘ఇది నీకెలా తెలుసు?’ అని అడిగినప్పుడు తడుముకోకుండా తేదీ వేసి రాసుకున్న నోటుపుస్తకం తెరిచి చూపించింది.

‘రెండు రాజ్యాల సరిహద్దు’ అన్న దోషాన్ని ఈనాటికి అన్వయించడం పిల్లలకు బాగా నచ్చుతుంది. చెరువు ఒక ఊరి పొలిమేరలో, ఆయకట్టు మరో ఊళ్లో ఉంటే పూడిక ఎవరు తీయాలి, తూము ఎవరు ఎత్తాలి అన్న వాదం ఎలా వస్తుందో రెండు ఊళ్ల రైతులనూ అడిగించండి. ఆయకట్టు మొదట్లో పొలం ఉన్న రైతు చెప్పేది ఒకటి, చివర్లో ఉన్న రైతు చెప్పేది మరొకటి అవుతుంది. రెండింటినీ రాయాలి, ఏది నిజమో తేల్చవలసిన భారం పిల్ల మీద పెట్టకూడదు. చేపలు పట్టేవారినీ, గొర్రెల కాపరులనూ, బట్టలు ఉతికేవారినీ కూడా అడగాలి, ఎందుకంటే చెరువు నీటి మీద హక్కు సాగుదారులది మాత్రమే అన్నట్లు సాగే ప్రాజెక్టు సాంఘిక శాస్త్రానికి న్యాయం చేయదు. 1997 నాటి చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం మీ చెరువుకు ఉంటే దాని బాధ్యులను తప్పక కలవండి.

కాగితపు ఆధారాలకు గ్రామ సచివాలయంలోని సర్వేయరును అడిగితే గ్రామ పటం చూపిస్తారు. 2011 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలో ఊరి సాగు వివరాలు ఉంటాయి. ఇస్రో వారి ‘భువన్’ వెబ్‌సైటులో చెరువు ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. వానల తర్వాతి చిత్రాన్నీ, వేసవి చిత్రాన్నీ పక్కపక్కన పెడితే చాలు. ఒక చిన్న లెక్క కూడా చేయించండి: ఒక హెక్టారు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే పదివేల లీటర్లు, ఒక హెక్టారు విస్తీర్ణంలో మీటరు లోతున నీరు నిలిస్తే కోటి లీటర్లు. పూడిక చేరి లోతు తగ్గితే ఊరు ఏం పోగొట్టుకుంటుందో ఈ లెక్క స్పష్టంగా చూపిస్తుంది.

నమూనా విషయానికి వస్తే, చెరువు మట్టితోనే చేయించండి. కట్ట, తూము, మరవ, ఊట ఉన్న చోటు, చౌడు మళ్లు, ఇవి చాలు, విద్యుత్ దీపాలు అక్కరలేదు. కట్ట ఎత్తును కొలతకు మించి చూపించక తప్పదు కాబట్టి, ఆ మాట పక్కనే రాసి పెట్టాలి. పటంలో స్కేలు, ఉత్తర దిక్కు, గుర్తుల పట్టిక లేకపోతే నేనైతే మార్కులు తగ్గిస్తాను. చార్టుల మీద వాక్యాలు అమ్మాయి సొంతమై ఉండాలి, మీరు అక్షరదోషాలు దిద్దితే చాలు.

ప్రదర్శన ముగిశాక పటాన్నీ నోటుపుస్తకాన్నీ పాఠశాల గ్రంథాలయంలో భద్రపరచమని ఉపాధ్యాయులను అడగండి. వచ్చే ఏడాది వేసవిలో మరో తరగతి పిల్లలు అవే చోట్ల మళ్లీ కొలిస్తే ఊట పెరిగిందో తగ్గిందో చెప్పగలుగుతారు.