విపత్తు నిర్వహణలో ఉద్యోగమంటే సహాయక చర్యలేనా?

కాదు. పడవల్లో వెళ్లి జనాన్ని కాపాడే సిబ్బంది అందరికీ కనిపిస్తారు కానీ, ఈ రంగంలో చాలా పని విపత్తు రాకముందే జరుగుతుంది. ఏ వీధి ముందు మునుగుతుంది, మంచాన పడ్డవాళ్లను ఎవరు తరలిస్తారు, కరెంటు పోతే ఆసుపత్రి జనరేటర్ ఎన్ని గంటలు నడుస్తుంది? ఇవన్నీ ముందే రాసిపెట్టి, మాక్ డ్రిల్‌లో సరిచూడాలి. నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే పని ఇదే.

ప్రణాళికాధికారి, శిక్షకుడు, కంట్రోల్ రూమ్ అధికారి, పునరావాస సమన్వయకర్త లాంటి కొలువులుంటాయి. భూగోళశాస్త్రం, ప్రజారోగ్యం, ఇంజినీరింగ్ చదివినవాళ్లకు దారి సులువు. విపత్తు వేళ ఏ సంస్థ ఏ పని చేయాలో, ఎవరు ఎవరి ఆదేశం కింద నడవాలో తేల్చే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ అనే పద్ధతిని తప్పక నేర్చుకోండి. 1970 కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో సంస్థల మధ్య సమన్వయం కుదరక పడ్డ ఇబ్బందుల నుంచే అది పుట్టింది. చదువుతో పాటు ఏదైనా సహాయ శిబిరంలో వాలంటీరుగా చేరండి. తిండి, నీళ్లు, మరుగుదొడ్ల లెక్క అక్కడే వంటబడుతుంది.