పెరటి కంచె వేయించుకుంటున్న బిడ్డకు

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. కంచె అందంగానే ఉంది. ఇంటి వెనక అరవై అడుగుల పొడవునా అచ్చం అలాగే, స్తంభాలతో సహా అంతా చెక్కతోనే కట్టించాలని ఉందన్నావు. చెక్క కంచె వద్దని నేను అనను. కానీ భూమిలోకి దిగేది మాత్రం చెక్క కాకూడదు. మిగతావన్నీ నీ ఇష్టం, ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట విను.

ఆ ఫోటో అమెరికాది లాగుంది. అక్కడ సీడార్ చెక్కో, ఒత్తిడితో లోపలిదాకా మందు ఎక్కించిన పైన్ చెక్కో వాడతారు. మన దగ్గర కంచె కర్రలంటే ముందుగా చూపించేవి సరుగుడు, నీలగిరి. చవకే, నిటారుగా కూడా ఉంటాయి. కానీ అవి లేత కర్రలు, చేవ, అంటే లోపలి గట్టి చెక్క, తక్కువ. చెదలు ఇష్టంగా తినేది ఆ పైనున్న తెల్ల చెక్కనే. ఇంకొకటి, పాతిన కర్ర ముందుగా పాడయ్యేది అడుగున కాదు, నేల మట్టం దగ్గర. తడీ గాలీ రెండూ తగిలేది అక్కడే. చూడటానికి గట్టిగానే నిలబడి ఉంటుంది, మే నెలలో గాలిదుమారం వచ్చినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. మొదలు కాల్చి పాతినా, తారు పూసి పాతినా కొన్నాళ్లు ఆగుతుంది, అంతే. సిమెంటు పోస్తే ఏమీ కాదని చెప్పేవాళ్లుంటారు. ఎండకు కర్ర ముడుచుకుని సిమెంటుకూ దానికీ మధ్య సందు పడుతుంది, వాన నీళ్లు అందులోకి దిగి నిలుస్తాయి. ఇక చెప్పేదేముంది.

అందుకే రాతి కడీలు, అంటే రాతి స్తంభాలు, పెట్టించు. నల్లగొండలో ఉండి రాయికి వెతుక్కోవాలా! ఏడడుగుల కడీ రెండడుగులు పాతితే అయిదడుగులు పైన ఉంటుంది. ఆరడుగులకొకటి చొప్పున నీకు పదకొండు కడీలు పడతాయి. గేటు తగిలించేదానికి మాత్రం లావుది ఏరుకో. మీది చెల్క, అంటే ఎర్ర నేల, కాబట్టి ఆ లోతు చాలు, కింద మొరం తగిలితే మరీ మంచిది. నల్లరేగడి అయితే ఇంకో అడుగు లోతుకు పొమ్మనేవాణ్ణి. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు పగిలి, కడీలను తలోవైపు ఒరిగేలా చేస్తుంది. నాలుగు వానలు పడ్డాక గుంతలు తీయించు, కూలి మనుషులకూ సుఖం, నీకూ ఖర్చు తగ్గుతుంది.

రాయికి చెక్క ఎలా అంటుకుంటుందని నీ అనుమానం కదా. రాయికి బెజ్జాలు వేయాల్సిన పని లేదు. కడీ చుట్టూ పట్టే ఇనుప క్లాంపులు వెల్డింగ్ షాపులో చేయించి, వాటికి అడ్డపట్టీలను బోల్టులతో బిగించాలి. కడీలన్నీ ఒకే లావు ఉండవు, కాబట్టి పాతాక ఒక్కోదాన్నీ కొలిచి క్లాంపులు చేయించు. అడ్డపట్టీలు రెండు చాలు, మూడంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం. మూడంగుళాల వైపు నిలువుగా ఉండాలి, లేకుంటే నడుమ కుంగుతాయి. అతుకులు కడీ దగ్గరే పడేలా చూడమను.

మీ వెనక సందులో పందులు తిరుగుతాయని మీ అమ్మ చెప్పింది. పంది చెక్కను ఎక్కదు, కింద తవ్వుకుని వస్తుంది. కడీలకు లోపలి వైపు రెండడుగుల షాబాద్ బండలు వరసగా నిలబెట్టి సగం భూమిలోకి దించు. ముప్పై బండలు అవుతాయి. వాటికి రెండంగుళాలు పైనుంచి పలకలు మొదలుపెడితే చెక్క మట్టికి తగలనే తగలదు. చెదలు రాయి మీదుగా కూడా మట్టి దారి కట్టుకుని ఎక్కుతాయి, అది నిజమే. కాకపోతే ఆ దారి కంటికి కనిపిస్తుంది, చీపురు పుల్లతో గీకేయొచ్చు. ఇక కోతుల సంగతి అడగకు. వాటికి కంచె అంటే కూర్చోవడానికి కట్టిన అరుగే.

చెక్క విషయానికొస్తే, కంచెకు కొత్త టేకు కొనడం దండగ. ఊళ్లలో పాత పెంకుటిండ్లు కూల్చినప్పుడు దూలాలు, వాసాలు అమ్ముతున్నారు, వాటి కోసం వాకబు చెయ్యి. ఏళ్ల తరబడి ఆరిన చెక్క, ఇక వంకర పోయేదేమీ ఉండదు. సామిల్లుకు ఇచ్చే ముందు మేకులన్నీ పీకించు, లేకుంటే రంపం పాడవుతుందని వాళ్లు కోయరు. అది దొరక్కపోతే నల్లతుమ్మ చేవ. నాగళ్లకూ బండి చక్రాలకూ వాడిన చెక్క అది. గట్టిది కాబట్టి ముందు బెజ్జం వేసి స్క్రూ దించాలి, నేరుగా మేకు కొడితే పగులుతుంది. వేప ఫరవాలేదు, కానీ వంగుతుంది. పొలం గట్టు మీది వేపచెట్టు కొట్టిద్దామని తమ్ముడు అంటున్నాడట. సొంత భూమిలోదైనా వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. అనుమతి వచ్చినా పచ్చి చెక్క ఇప్పుడే బిగిస్తే మన 44, 45 డిగ్రీల ఎండకు మెలికలు తిరుగుతుంది. కోయించి, నీడలో ఒకదాని మీద ఒకటి తగలకుండా నడుమ పుల్లలు పెట్టి పేర్చాలి. అంత ఓపిక ఉంటే సరే.

పలకలు అడ్డంగా కొట్టిస్తే కొత్త ఫ్యాషన్‌గా ఉంటుందన్నావు. వద్దు. పిల్లలకు మెట్లు కట్టించినట్టు అవుతుంది, వాన నీళ్లూ అంచుల మీద ఆగుతాయి. నిలువుగానే పెట్టించి, పై కొస ఏటవాలుగా కోయించు. నాలుగంగుళాల పలక, అంగుళం సందు. సందు లేకుండా మూసేస్తే గాలి బరువంతా కడీల మీద పడుతుంది. చాటు కావాల్సింది బట్టలుతికే చోట, స్నానాల దగ్గర, అంతే కదా. అక్కడ మాత్రం పట్టీలకు రెండు వైపులా, ఒక వైపు సందును రెండో వైపు పలక కప్పేలా మార్చి మార్చి కొట్టించు. గాలి ఆడుతుంది, మనిషి కనపడడు.

నాలుగడుగుల పొడవు, ముప్పావంగుళం మందం లెక్కన పలకలు 144. వాటికి 12 ఘనపుటడుగులు, పట్టీలకు 5. తరుగుతో కలిపి 19 అనుకో, చాటు కట్టే చోటికి అదనం. సామిల్లులో ఈ లెక్క చెప్పి ధర అడుగు. "మొత్తానికి ఇంత" అని మేస్త్రీ చెప్పే మాటకు ఒప్పుకోకు. స్క్రూలు జీఐవే, అంటే జింకు పూత వేసినవే తెప్పించు, మామూలు ఇనుప మేకు తుప్పుపట్టి చెక్క మీద నల్లటి చారలు కారుతుంది. పెయింటు మన ఎండకు పొట్టు లేస్తుంది, లిన్సీడ్ ఆయిల్ పూయించి ఏటా ఎండాకాలం ముందు ఇంకో పూత వేయించు. బండ్ల పాత ఇంజన్ ఆయిల్ పూస్తామంటారు, కూరగాయల మడుల పక్కన అది వద్దు.

పక్కింటివాళ్లను పిలిచి, వాళ్ల ముందే హద్దురాళ్ల మధ్య తాడు కట్టించి, ఆరంగుళాలు నీ వైపు జరిగి గుంతలు తీయించు. ఆ జాగా పోయిందని బాధపడకు, రేపు నూనె పూయడానికి నీ మనిషి కాలు మోపేది అక్కడే.

గేటుకు ఏటవాలు పట్టీ మడతబందుల వైపు కింది మూల నుంచి గొళ్లెం వైపు పై మూలకు పోవాలి. చాలామంది తిరగేసి కొడతారు, గేటు కిందికి జారి నేలకు రాసుకుంటుంది. అది బిగించే రోజు నువ్వు అక్కడే ఉండు.

మీ పెద్దనాన్న