నకిల్‌లో బిగుసుకుపోయిన వీల్ బేరింగు రేసును తీసే పద్ధతి

మీరు రాసినదాన్ని బట్టి, 2007 నాటి మారుతి స్విఫ్ట్‌లో ముందు ఎడమ చక్రం బేరింగు అరుస్తుంటే షెడ్డులో హబ్బును (చక్రాన్ని బిగించే మధ్య భాగాన్ని) లాగారు. బేరింగులో గుండ్లు దొర్లే ఉక్కు వలయాలే రేసులు; లోపలి రేసులో సగం హబ్బుతోపాటే వచ్చేసింది, వెలుపలి రేసు నకిల్‌లో ఉండిపోయింది; నకిల్ అంటే బేరింగును తన రంధ్రంలో పట్టి ఉంచే లోహపు భాగం. ఎంత కొట్టినా రాకపోవడంతో నకిల్ మొత్తం మార్చాలని మెకానిక్ చెప్పాడు. విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే చోట ఏళ్ల తరబడి నిలిపిన మా పాత స్విఫ్ట్‌కు సరిగ్గా ఇదే పరిస్థితి వచ్చింది, నకిల్ మార్చకుండానే పని పూర్తయింది కూడా. అందువల్ల మీరు కొత్త నకిల్‌కు ఇప్పుడే డబ్బు కట్టవద్దని నా సలహా.

హబ్బుకు రేసు అంటుకుని రావడం చూసి కంగారు పడనక్కరలేదు. ఈ రకం బేరింగులో రెండు వరుసల గుండ్లు ఉంటాయి, లోపలి రేసు రెండు ముక్కలుగా ఉంటుంది, కాబట్టి హబ్బును లాగినప్పుడు బయటి వైపు ముక్క దానితోనే రావడం మామూలే. అసలు చిక్కు వెలుపలి రేసుతోనే. ముందుగా సర్‌క్లిప్ తీశారో లేదో చూడండి; బేరింగు జారిపోకుండా గాడిలో కూర్చునే స్ప్రింగు వలయం అది. తుప్పు, గ్రీజు, మట్టి కలిసి గట్టిపడితే సర్‌క్లిప్ గాడిలో కలిసిపోయి కంటికి ఆనదు. వైరు బ్రష్షుతో రుద్ది టార్చిలైటు వేసి చూస్తే గాని దాని చెవులు కనబడవు. సర్‌క్లిప్ ఉన్న వైపుకే బేరింగు బయటికి వస్తుంది, రెండో వైపు నకిల్‌లోనే మెట్టు ఉంటుంది. మెట్టు వైపుకు తోస్తే ఎన్ని టన్నుల ప్రెస్సయినా నకిల్‌ను పగలగొడుతుందే తప్ప రేసును కదిలించలేదు.

నకిల్‌ను కారు నుంచి విడదీసి, లేతు పని చేసే షాపులోని హైడ్రాలిక్ ప్రెస్సు మీద పెట్టించడం మంచిది. కారుకు ఉండగానే సమ్మెటతో బాదితే ఆ దెబ్బలు బాల్ జాయింటుకూ (నకిల్ కింద ఉండే గుండు కీలుకు) తగులుతాయి. ముందురోజు రాత్రే రేసు అంచు చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. ప్రెస్సు కింద నకిల్ మట్టంగా ఆనేలా, రేసు దిగడానికి ఖాళీ ఉండేలా దళసరి పైపు ముక్క పెట్టాలి. ఒత్తిడి నిలిపి ఉంచి నకిల్ పక్కలను సుత్తితో తడుతూ ఉంటే చాలాసార్లు పెద్ద చప్పుడుతో పట్టు వదులుతుంది. ఒత్తిడిలో ఉన్న రేసు పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉన్నందున రక్షణ కళ్లద్దాలు లేకుండా ఎవరినీ దగ్గర నిలబడనివ్వకండి.

అప్పటికీ కదలకపోతే వేడి చేయాలి. సుమారు 70 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రంధ్రం 100 డిగ్రీల మేర వేడెక్కితే 0.07 నుంచి 0.08 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. బేరింగు బిగువు (రంధ్రం కన్నా బేరింగు ఎంత పెద్దదో ఆ తేడా) కొన్ని వందోవంతుల మిల్లీమీటర్లే కనుక ఆ సాగుదల చాలు. అయితే రేసు కూడా వేడెక్కితే ప్రయోజనం ఉండదు కాబట్టి, మంటను నకిల్ బయటి ఒంటికి చుట్టూ తిప్పుతూ త్వరగా వేడి చేసి వెంటనే ప్రెస్సు వేయాలి. లోహం ఎర్రబడేదాకా కాల్చడం మాత్రం వద్దు. బాల్ జాయింటు, దాని రబ్బరు తొడుగు నకిల్‌కే ఉంటే ఆ వైపు మంట చూపకండి.

మా నకిల్‌కు ఇది కూడా పని చేయలేదు. చివరికి వెల్డింగు చేసే ఆయన రేసు లోపలి ముఖం మీద చుట్టూ ఒక గీతలాగా వెల్డింగు పెట్టాడు. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి రేసును లోపలికి లాగుతుంది, దాంతో రేసు వ్యాసం తగ్గుతుంది. పొగ ఆగి, లోహం నల్లబడి, చేయి పెట్టగలిగేంత చల్లారాక రేసు వెనుక ఉలి ఆనించి రెండు దెబ్బలు వేయగానే అది ఊడి నేల మీద పడింది; దాని వెనుక ఎర్రటి తుప్పు పొడి పలుచగా పరుచుకుని ఉంది. దీనికి ముందు గ్రీజును పూర్తిగా తుడిచివేయాలి. క్లోరిన్ కలిసిన క్లీనరుతో తుడిచిన చోట వెల్డింగు పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, అందువల్ల ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో చదవకుండా వాడకండి.

హబ్బుకు అంటిన ముక్కకు ఇంత శ్రమ అక్కరలేదు. బేరింగు ఉక్కు చాలా గట్టిది, ఆకురాయి దాన్ని తినలేదు, కాని గట్టిది కావడం వల్లే పెళుసుగా ఉంటుంది. చిన్న గ్రైండరుతో ఏటవాలుగా గాడి కోసి, హబ్బు తగలడానికి కాస్త ముందే ఆపి, ఆ గాడిలో ఉలి పెట్టి ఒక్కటి వేస్తే టక్కున పగిలి చేతికి వచ్చేస్తుంది. హబ్బు మీద గీత పడకుండా చూడటమే ఇందులో నేర్పు.

రేసు వచ్చాక నకిల్ రంధ్రాన్ని సన్న ఎమరీ కాగితంతో శుభ్రం చేసి వేలితో తడిమి చూడండి. చిన్న గీతలు ఉన్నా ఫరవాలేదు. కొత్త బేరింగు చేత్తో నొక్కితేనే జారిపోయేంత అరిగి ఉంటే మాత్రం మీ మెకానిక్ మాటే నిజం. అప్పుడు విజయవాడ ఆటోనగర్ వంటి చోట పాత నకిల్ వెతుక్కోవచ్చు. బిగించేటప్పుడు వెలుపలి రేసునే నొక్కాలి, గుండ్ల మీదుగా ఒత్తిడి పోతే కొత్త బేరింగు కూడా వారంలోనే అరవవచ్చు. హబ్బును ఎక్కించేటప్పుడు లోపలి రేసుకు కింద ఆధారం పెట్టాలి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారైతే బేరింగు ముఖానికి అయస్కాంతపు పట్టీ ఉండవచ్చు, అది సెన్సరు వైపే రావాలి. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, టార్క్ రెంచితో బిగించాకే కారు బరువును చక్రం మీద దించండి. నకిల్ విడదీయడానికి స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఉండే భాగం) బోల్టులు విప్పారు కాబట్టి ఆపై వీల్ అలైన్‌మెంటు కూడా చేయించండి.