రాకెట్ మీద మనసు పడితే ఏరోస్పేసే చదవాలా?

ప్రశ్న: మాది రాయగడ. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. మొన్న జిల్లా ఉత్సవంలో ఒక యూనివర్సిటీ ఇంజినీరింగ్ విద్యార్థులు తాము తయారు చేసిన రాకెట్‌ను ప్రదర్శనకు పెట్టారు. అప్పటి నుంచి ఏరోస్పేస్ (విమానాలు, రాకెట్ల) ఇంజినీరింగ్ తప్ప వేరే మాట లేదు. మేము కంప్యూటర్ సైన్స్ అనుకున్నాం. రెండింటిలో ఏది మేలు? ఆడపిల్లను అంత దూరం, అలాంటి చదువుకు పంపడం అవసరమా? - ఒక తండ్రి

జవాబు: మీ అసలు బెంగ చివరి వాక్యంలో ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి వచ్చే ఉత్తరాల్లోనూ ఆ వాక్యం ఉంటుంది, అమ్మాయి గురించి రాసినప్పుడు మాత్రమే. కంప్యూటర్ సైన్స్ చదివితే రేపు ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లాల్సిందే కదా? ఆ దూరానికి లేని అభ్యంతరం దీనికెందుకు? చంద్రయాన్-2 ప్రాజెక్టు డైరెక్టర్ ఎం.వనిత. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3 ప్రాజెక్టును ముందుండి నడిపిన వారిలో కె.కల్పన ఒకరు. వాళ్ల ఇళ్లలోనూ ఎవరో ఒకరు భయపడే ఉంటారు. భయపడండి, తప్పులేదు. ఆ భయాన్ని బ్రాంచి ఎంపికగా మార్చి అమ్మాయి నెత్తిన పెట్టకండి.

ఇక ఏరోస్పేస్. ఇందులో నేను మీ అమ్మాయి పక్షం పూర్తిగా వహించలేను. ఈ మధ్య ప్రైవేటు కాలేజీలు ఈ బ్రాంచిని గొప్పగా ప్రచారం చేసుకుంటున్నాయి. నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే విండ్ టన్నెల్ ఉందా, ఇంజిన్ పరీక్షించే ఏర్పాటు ఉందా, ఆ సబ్జెక్టులు చెప్పే అధ్యాపకులు ఎందరు అని అడిగితే చాలాచోట్ల సరైన జవాబు రాదు. అవి లేని చోట ఆ డిగ్రీ పేరుకే మిగులుతుంది. ఇస్రో ఇంజినీర్ల నియామక ప్రకటనల్లో ప్రధానంగా కనిపించేవి మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ పోస్టులు. హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ప్రయోగించింది. ప్రైవేటు రంగంలో మన దేశం నుంచి ఎగిరిన తొలి రాకెట్ అదే. ఆ సంస్థ స్థాపకుల్లో పవన్‌కుమార్ చందన చదివింది మెకానికల్, నాగభరత్ డాకా చదివింది ఎలక్ట్రికల్.

మీ అమ్మాయి చూసిన రాకెట్‌నే తీసుకోండి. గొట్టం, రెక్కలు మెకానికల్ వాళ్ల పని. ఎంత ఎత్తుకు వెళ్లిందో గాలి పీడనాన్ని బట్టి లెక్కగట్టి, సరైన క్షణంలో పారాచూట్ విప్పించే సర్క్యూట్ ఎలక్ట్రానిక్స్ వాళ్లది. ఆ సర్క్యూట్ నడవడానికి ప్రోగ్రాం రాయాలి. ఇంధనానికి రసాయనశాస్త్రం కావాలి. మళ్లీ ఆ విద్యార్థులను కలిసే వీలుంటే ఎవరు ఏ బ్రాంచి అని అమ్మాయినే అడగమనండి. వీటిలో ఏ పని తనను ఎక్కువగా ఆకట్టుకుందో అప్పుడు తనకే తెలుస్తుంది.

కాబట్టి మీరడిగిన పోలికకు నా జవాబు చిన్నదే. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలోనో ఐఐటీలోనో ఏరోస్పేస్ వస్తే సంతోషంగా పంపండి. వీటికి దారి జేఈఈ అడ్వాన్స్‌డ్. ఐఐఎస్‌టీలో చేరినంత మాత్రాన ఇస్రో ఉద్యోగం ఖాయమనుకోవద్దు, మార్కులూ ఖాళీలూ చూస్తారు. అక్కడ రాకపోతే పేరు కోసం ఊరూ పేరూ లేని కాలేజీలో ఏరోస్పేస్ కొనవద్దు. రూర్కెలా ఎన్ఐటీలో సగం సీట్లు ఒడిశా విద్యార్థులకే. ప్లస్ టూ ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే ఇక్కడ లెక్క కాబట్టి, ఒడిశాలో పాసైతే ఇంట్లో తెలుగు మాట్లాడినా మీ అమ్మాయి ఒడిశా విద్యార్థే. ఐఐటీలు, ఎన్ఐటీల్లో 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు కూడా ఉన్నాయి. బుర్లాలోని వీర్ సురేంద్ర సాయి సాంకేతిక విశ్వవిద్యాలయం మరో మంచి అవకాశం. మెకానికల్ గానీ ఎలక్ట్రానిక్స్ గానీ చదివి, ఎంటెక్‌లో ఏరోస్పేస్ వైపు వెళ్లవచ్చు. అప్పటికీ ఇష్టం నిలిచి ఉంటే అది నిజమైన ఇష్టం. మారితే చేతిలో గట్టి డిగ్రీ ఉంటుంది. మీరు భయపడినంత నష్టం ఏ దారిలోనూ లేదు, నమ్మండి.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. వీడియోలు చూసి ఇంట్లో రాకెట్ ఇంధనం కలపడం, వేడి చేయడం వద్దు. అనుభవమున్న అధ్యాపకుల పర్యవేక్షణలో చేయాల్సిన పని అది. ఈ సెలవుల్లో ఎత్తు కొలిచే చిన్న సెన్సారు, ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఆర్డుయినో బోర్డు కొనివ్వండి. మేడ మీదికి, కిందికి తిరుగుతూ కొలతలు తీసుకోమనండి.